మీ ఊరి మత్తడి నీళ్లు ఎటు పోతాయి?

ఈరోజు మన నెల్లికుదురు దిక్కు చెరువుల ముచ్చట.

బీటెక్‌లో లింక్డ్ లిస్ట్ చదివాం కదా? మధ్యలో ఒక లింక్ తెగితే తర్వాతవేవీ అందవు. కాకతీయుల నాటి గొలుసుకట్టు చెరువులూ అంతే. పై ఊరి చెరువు మత్తడి దుంకితే, ఆ నీళ్లు కాలువ పట్టుకొని కింది ఊరి చెరువుకు చేరతాయి.

ఆ కాలువను ఎవరో దున్నేశారనుకోండి. మామూలు ఏడాది కింది చెరువు నిండదు. పెద్ద వానొస్తే నీళ్లు పొలాల మీద పడతాయి. 2024 సెప్టెంబర్ 1న పక్కనే కేసముద్రం దగ్గర రైలు పట్టాల కింద కట్టే కొట్టుకుపోయింది, గుర్తుందా? వరద బలం అది.

2015లో మొదలైన మిషన్ కాకతీయతో చాలా చెరువుల్లో పూడిక తీశారు. మంచిదే. కానీ కాలువ రెండు ఊళ్ల మధ్య ఉంటే? ఒక పంచాయతీ మాట పక్క ఊళ్లో చెల్లదు. అందుకే రెండు గ్రామసభలూ ఒకే తీర్మానం చేసి, మండల సమావేశంలో పెట్టాలి. ఇరిగేషన్, రెవెన్యూ వాళ్లతో కాలువనూ, ఎఫ్‌టీఎల్‌నూ కొలిపించి హద్దురాళ్లు పాతించాలి. ఎఫ్‌టీఎల్ అంటే చెరువు నిండినప్పుడు నీళ్లు నిలిచే హద్దు.

మన పని? మీ మత్తడి నీళ్లు ఏ ఊరికి పోతాయో ఇంట్లో తాతను అడగండి. ఆ దారెంట నడిచి, ఎక్కడ తెగిందో ఫోన్‌లో ఫొటో తీయండి. రెండు ఊళ్ల గ్రామసభల్లోనూ చూపించండి. ఉంటాను మరి!