వైకల్యాన్ని కులం నుంచి విడదీసి చదవలేం

2021 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు పటాన్ జమాల్ వలీ కేసులో తీర్పు ఇచ్చింది. ఆంధ్రప్రదేశ్‌లో పుట్టుకతో చూపులేని ఒక దళిత మహిళపై 2011లో జరిగిన అత్యాచారం అది. దోషికి యావజ్జీవ శిక్షను కోర్టు ఖాయం చేసింది. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద పడిన శిక్షను మాత్రం కొట్టేసింది. ఆమె కులం కారణంగానే నేరం జరిగిందనడానికి ప్రాసిక్యూషన్ సాక్ష్యం చూపలేదన్నారు. అదే తీర్పులో కులం, లింగం, వైకల్యం కలిసి ఒక మనిషి మీద పడినప్పుడు వాటిని విడదీసి చూడటం ఎంత కష్టమో వివరంగా రాశారు. ఆ సెక్షన్‌లో 'కులం కారణంగా' అన్నచోట 'కులం తెలిసి' అనే సవరణ 2016 జనవరిలో అమల్లోకి వచ్చింది. ఈ నేరం అంతకు ముందుది.

కోర్టుకు ఎదురైన ఈ చిక్కును ముందుగా పట్టుకోవాల్సింది సమాజశాస్త్రం. విమర్శనాత్మక వైకల్య అధ్యయనాల పని అదే.

వైద్యానికి వైకల్యం ఒంట్లో లోపం. 1970లలో బ్రిటన్ వికలాంగుల ఉద్యమం ఆ లెక్క తిరగేసింది. మనిషిని అశక్తుణ్ణి చేసేవి మెట్లు, బడులు, ఉద్యోగ నిబంధనలు అంది. మైక్ ఆలివర్ ఆ వాదాన్ని సమాజశాస్త్రంలో నిలబెట్టారు. విమర్శనాత్మక ధోరణి ఇంకా ముందుకెళ్లి, 'మామూలు శరీరం' అనే కొలత ఎవరిది, దాన్ని నిలబెట్టడానికి ఎవరి ఒళ్లు అరిగిపోతున్నాయి అని అడుగుతుంది. మ్యాన్‌హోల్‌లోకి ఏ కులంవాళ్లు దిగుతారో తెలిసిన మనకు ఈ ప్రశ్న కొత్తదేం కాదు. 2011 జనాభా లెక్కల్లో దేశంలో వికలాంగులు 2.21 శాతం, ఎస్సీల్లో 2.45 శాతం.

ప్రభుత్వం 'దివ్యాంగులు' అంటోంది. 'హరిజన' మాటను మనవాళ్లు ఎందుకు తిరస్కరించారో తెలిస్తే ఈ పేరు సంగతి వేరే చెప్పక్కర్లేదు.

అమెరికాలో క్రిస్ బెల్ అనే నల్లజాతి పరిశోధకుడు 2006లో ఒక వ్యాసం రాశారు. వైకల్య అధ్యయనాలు నిజానికి తెల్లవాళ్ల వైకల్య అధ్యయనాలేనని అందులో ఎత్తిపొడిచారు. ఇక్కడ సెమినార్ హాళ్లలో ఆ మాట గుర్తొస్తుంది. కులం మీద ఒక సెషన్, వైకల్యం మీద ఒక సెషన్, మధ్యలో టీ. వీధిలో ఈ గీత ఎప్పుడో చెరిగింది. మాదిగ దండోరా నడిపిన మంద కృష్ణ మాదిగే వికలాంగుల హక్కుల పోరాట సమితినీ నడిపి, పింఛన్ల కోసం కొట్లాడారు. ఆ పోరాటం మీద పనిచేయాల్సిన సమాజశాస్త్ర విద్యార్థి ఏ గైడ్ దగ్గరికి వెళ్లాలి?

అందుకే పరిశోధకుల సముదాయం కావాలంటున్నాం. పది పేర్లతో కమిటీ వేస్తే అది ఏర్పడదు. 2016 చట్టం ఉన్నత విద్యలో వికలాంగులకు 5 శాతం సీట్లు ఇచ్చింది. సీటు వచ్చాక క్లాసు మూడో అంతస్తులో ఉంటే, లిఫ్ట్ లేకపోతే, చర్చలోకి వచ్చేవాళ్లెవరు? వధిరులకు సంజ్ఞాభాష అనువాదకులు లేని సదస్సులో వైకల్యం గురించి ఎవరు ఎవరితో మాట్లాడుతున్నట్టు?

ఎవరూ పట్టించుకోని అడ్డంకి ఇంకొకటి ఉంది, ఫాంట్లు. తెలుగు దళిత సాహిత్యం, పత్రికలు ఎన్నో అను ఫాంట్లలో టైపయ్యాయి. అవి యూనికోడ్ కావు. స్క్రీన్ రీడర్ వాటిని చదవబోతే అర్థంలేని అక్షరాలు వినిపిస్తాయి. అంటే చూపులేని దళిత విద్యార్థికి తన సాహిత్యమే అందదు. ఇంగ్లీషు సిద్ధాంతాలు అందుతాయి!

మేం కొన్ని వ్యాసాలను యూనికోడ్‌లోకి మారుస్తున్నాం. మార్పిడిలో ఒత్తులు చెదురుతాయి, ప్రతి పేజీ మనిషి చదివి దిద్దాలి. స్కాన్ కాపీల కంటే అసలు ఫైళ్లు దొరికితే పని తొందరగా అవుతుంది. చిన్న పత్రికలు నడిపినవాళ్ల పాత కంప్యూటర్లలో అవి ఇంకా ఉండే ఉంటాయి.