చేతిలో ఫోను – పళ్లెంలో అన్నం

డిశ్చార్జి రోజున మేము ఇచ్చే ఆహార పట్టిక చాలా ఇళ్లలో మందుల సంచిలో మడతపెట్టినది పెట్టినట్టే ఉండిపోతుంది. షుగరు ఎందుకు తగ్గలేదని అడిగితే, "ఏం తినాలో తెలుసు సిస్టరుగారూ, కంచం ముందు కూర్చుంటే గుర్తుండదు" అంటారు. ఆ మాట నిజమే. ఆ గుర్తుచేసే పనికి ఇంట్లో ఉన్న ఫోను చాలు.

ఇది మా ఊహ కాదు. చెన్నైకి చెందిన డాక్టర్ ఎ. రామచంద్రన్, ఆయన తోటి పరిశోధకులు షుగరు వ్యాధి వచ్చే దశకు చేరువైన 537 మంది పురుషులను రెండేళ్లు పరిశీలించి, 2013లో ఫలితాలు ప్రచురించారు. ఆహారం, వ్యాయామం గురించి మొదట అందరికీ సలహా ఇచ్చారు. సుమారు సగం మందికి అదనంగా ఫోనులో చిన్న సందేశాలు పంపారు. సందేశాలు అందినవారిలో 18 శాతం మందికి, అందనివారిలో 27 శాతం మందికి షుగరు వ్యాధి వచ్చింది. ఇంత తేడా తెచ్చినది మామూలు ఎస్సెమ్మెస్సే.

మీ ఇంట్లో ఇలా చేయండి:

1. మందు వేళకు, భోజన వేళకు ఫోనులో అలారం పెట్టండి. ఇన్సులిన్ వేసుకున్నాక భోజనం ఆలస్యమైతే షుగరు ప్రమాదకరంగా పడిపోవచ్చు.

2. వారానికి రెండు రోజులు తినబోయే ముందు పళ్లెం ఫొటో తీయండి. షుగరు ఉన్నవారి పళ్లెంలో సగం కూరగాయలు, పావు వంతు అన్నం లేక రొట్టె, పావు వంతు పప్పు, గుడ్డు లేక చేప ఉండాలి. చెకప్‌కు వచ్చినప్పుడు ఆ ఫొటోలు మాకు చూపండి. మేము కోప్పడము; ఏది తగ్గించాలో, ఏది పెంచాలో చెబుతాము.

3. బి.పి. ఉన్నవారికి ఉప్పు సంగతి మెసేజిగా పంపండి. రోజుకు 5 గ్రాముల లోపే, అంటే ఒక టీస్పూనుకు మించకూడదు. కూర, ఆవకాయ, అప్పడం అన్నీ ఆ లెక్కలోవే.

ఒక హెచ్చరిక. వాట్సాప్‌లో వచ్చే చిట్కాలు చూసి మందులు మానకండి. కిడ్నీ జబ్బు ఉన్నవారు సోడియం తక్కువని అమ్మే ఉప్పును డాక్టరుగారిని అడగకుండా వాడవద్దు. వాటిలో చాలావరకు పొటాషియం కలుపుతారు. అది వారికి హాని చేయవచ్చు.

చదవలేని పెద్దలకు మెసేజి కన్నా పిల్లల గొంతే మేలు. దూరాన ఉన్న బిడ్డలారా, "అన్నం తిన్నావా అమ్మా?" అని మీరు రోజూ అడుగుతూనే ఉంటారు. ఇకనుండి "కూర ఎంత తిన్నావు?" అని కూడా అడగండి.