వాడుక మానినను వీడని బాధ్యత

భాగవతము చదివిన సోదరీమణులకు యాదవుల ముసలము కథ తెలియనిది కాదు. ఆ యినుప రోకలిని అరగదీసి, పొడిని, మిగిలిన తునకను సముద్రమున పడవైచి పీడ వదలినదని తలంచిరి. కడకు ఆ పొడి తుంగయై మొలచి యదుకులమును, ఆ తునక బాణపు మొనయై శ్రీకృష్ణుని హరించెను. కీడైన వస్తువును కంటికి దూరము చేయుట వేఱు; దాని బాధ్యత వహించుట వేఱు.

మా దేవరయాంజాల్‌లో ఈ కథను మాకు జ్ఞప్తికి తెచ్చినది పొరుగింటి బాలిక. ఆమెకు ఒక పరిశోధనాలయమున కొలువు కుదిరినది. సీతారామస్వామి కోవెలకు మాతో నడచుచు, రేడియేషన్ గదిలో ఎదపై ధరింపవలసిన చిన్న బిళ్లను గూర్చి చెప్పినది. అది కిరణముల నాపదు. మేనిపై ఎంత పడినదో లెక్క తెలుపును, అంతియే. "మఱి నిన్ను కాపాడువారెవరే?" అని తల్లి యడిగెను.

తగిన ప్రశ్నయే. మన దేశమున 2004 నాటి రేడియేషన్ రక్షణ నియమములు ఈ భారమును పలువురికి పంచినవి. అనుమతి, రక్షణ సాధనములు, శిక్షణ, కొలతలు సంస్థ యజమాని బాధ్యత. గదులను, కిరణమూలములను, లెక్కలను కనిపెట్టి యుండుట భద్రతాధికారి పని. చెప్పిన జాగ్రత్తలు పాటించుట, గర్భవతియైనచో వెంటనే తెలుపుట పనిచేయువారి విధి. పనివారికి అయిదేండ్ల సగటున ఏటికి 20 మిల్లీసీవర్టులు మించరాదు. ఏ యొక్క యేట 30 దాటరాదు. గర్భస్థశిశువునకు, తల్లి తెలిపిన పిమ్మట, 1 మాత్రమే మితి.

నియమమున్నను మఱపు వచ్చిన నేమగునో ఢిల్లీ విశ్వవిద్యాలయము చూపినది. రసాయనశాఖ కొన్న కోబాల్టు-60 యంత్రము 1985 నుండి వాడుక లేక మూలబడెను. కోబాల్టు బలము సుమారు అయిదుంబావు ఏండ్ల కొకసారి సగమగును; అయినను మిగిలినది ప్రాణాంతకమే. 2010 ఫిబ్రవరిలో దానిని పాత సామానుతోపాటు వేలము వేసిరి. మాయాపురిలో ఇనుప సామాను కొట్లవారు అదేమో యెఱుగక కోసిరి. ఒకరు తునకను జేబున నుంచుకొనిరి. పలువురు రోగపడిరి, ఒకరు ఏప్రిలులో మరణించిరి. అణుశక్తి నియంత్రణ మండలి బాధ్యత ఆ విశ్వవిద్యాలయముదే యని నిర్ణయించెను.

ఆ కూలివారి ఎదపై బిళ్ల లేదు. వారికి హెచ్చరిక చెప్పినవారును లేరు. నియమములు పరిశోధనాలయపు గడపలోపలి వారికే కాదు, గడప వెలుపలి వారికిని రక్ష కావలెను.

సోదరీమణులారా, ఇంట పాత మందుసీసాను చెత్తలో పడవేయుటకు ముందు పసిబిడ్డలను తలంచుకొనువారము మనము. మన కుమార్తెలు ఇట్టి కొలువునకు పోవునపుడు జీతముతోపాటు మూడు మాటలు అడుగుమని చెప్పుదము: భద్రతాధికారి యెవరు? నా బిళ్ల లెక్క నాకు చూపుదురా? వాడుక మానిన మూలములు ఎచ్చట, ఎవరి తాళము క్రింద నున్నవి? మూడవ ప్రశ్నకు జవాబు తడబడినచోట, ముసలపు తునక యింకను నీటనే యున్నదని గ్రహింపవలెను.