మెదడులో గడ్డ.. ఎమ్మారై ఫిల్మ్ ఒక్కటే చాలదు, సీడీ కూడా అడగండి! ఎందుకంటే..

"మెదడు ఎమ్మారై తీయించండి" అని డాక్టర్ రాశారంటే నౌపడ, టెక్కలి వైపు కుటుంబాలకి ముందు గుర్తొచ్చేది విశాఖ రైలే. కేజీహెచ్‌కో, అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో వెళ్లాలి. చేతిలో పెద్ద కవరు, అందులో నల్లటి ఫిల్ములు, వాటిలో ఒకచోట తెల్లటి మచ్చ. ఇంట్లో అందరి ప్రశ్నా ఒకటే.. అది క్యాన్సరేనా?

నిజానికి తెల్లగా కనిపించినంత మాత్రాన జవాబు దొరికినట్టు కాదు. సీటీ స్కాన్‌లో నీళ్ల విలువ ఏ మిషన్‌లోనైనా సున్నానే. మామూలు ఎమ్మారైకి అలాంటి కొలబద్ద లేదు. ఒకే మనిషిని రెండు మిషన్లలో తీస్తే ఒకే చోటు వేర్వేరు మెరుపుతో కనిపించొచ్చు. అందుకే డాక్టర్లు మచ్చను పక్కనున్న భాగంతో పోల్చి చెబుతారు. అనుభవం ఉన్న రేడియాలజిస్టు ఆ పోలికతోనే చాలా పట్టేస్తారు, కాదనలేం. కానీ అది కొలత కాదు.

నౌపడ వాళ్లకి ఈ తేడా చెప్పడం తేలిక. ఉప్పు మడిలో నీళ్లు చిక్కబడ్డాయని కంటితో చూసి అనుకోవచ్చు. ఎంత చిక్కబడ్డాయో తెలియాలంటే కొలిచే గాజు గొట్టం వేయాల్సిందే. సముద్రపు నీరు దాదాపు 3 బామే డిగ్రీలు. 25 దాకా వస్తే ఉప్పు పేరుకోవడం మొదలవుతుంది. మెదడు విషయంలో ఆ గొట్టం లాంటిదే క్వాంటిటేటివ్ ఎమ్మారై, అంటే బొమ్మతో పాటు అంకె కూడా ఇచ్చే స్కాన్.

ఏం కొలుస్తారు?

ఒంట్లోని నీటిలో ఉండే హైడ్రోజన్‌ను రేడియో తరంగాలతో కదిలిస్తే, అది మళ్లీ మామూలు స్థితికి రావడానికి కొంత టైమ్ పడుతుంది. దాన్ని మిల్లీసెకన్లలో కొలుస్తారు. ఎలుకల గడ్డల్లో ఈ టైమ్ మామూలు కణజాలం కంటే ఎక్కువని 1971లో అమెరికా డాక్టర్ రేమండ్ డమేడియన్ ప్రకటించారు. ఎమ్మారై కథ మొదలైన మలుపుల్లో అదొకటి. అయితే వాపు ఉన్నా ఈ టైమ్ పెరుగుతుంది. కాబట్టి ఈ ఒక్క అంకెతో క్యాన్సర్ అని తేల్చలేం.

ఇంకా పనికొచ్చేది ఏడీసీ. నీటి అణువులు ఎంత స్వేచ్ఛగా తిరుగుతున్నాయో ఇది చెబుతుంది. మామూలు నీటికి ఇది 3 అనుకుంటే, ఆరోగ్యంగా ఉన్న మెదడులో 0.7, 0.8 దగ్గర ఉంటుంది. కణాలు కిక్కిరిసి ఉన్నచోట నీరు కదల్లేదు, అంకె ఇంకా పడిపోతుంది.

దీంతో లాభమేంటి? ఉంగరంలా అంచు మెరిసే మచ్చనే తీసుకోండి. అది గ్లియోబ్లాస్టోమా అనే ప్రమాదకరమైన క్యాన్సర్ కావొచ్చు, చీముగడ్డ కావొచ్చు. ఫిల్ములో రెండూ అన్నదమ్ముల్లా ఉంటాయి. చీము చిక్కగా ఉంటుంది కాబట్టి మధ్యలో ఏడీసీ సాధారణంగా తక్కువ వస్తుంది. క్యాన్సర్ గడ్డ మధ్యలో కణాలు చచ్చి ఖాళీ అవడం వల్ల ఎక్కువ వస్తుంది. చీముగడ్డ అయితే యాంటీబయాటిక్స్, చీము తీయడం. క్యాన్సరైతే దారే వేరు.

మన సుబ్బారావు గారి లింక్

మెదడు లింఫోమాలో కూడా ఏడీసీ బాగా తక్కువగా వస్తుంటుంది. దీనికి గడ్డ మొత్తం కోసి తీయడం ప్రధాన చికిత్స కాదు. చిన్న ముక్క తీసి నిర్ధారించి, ఎక్కువ మోతాదులో మెథోట్రెక్సేట్ ఇస్తారు. ఆ మందు పుట్టిన లెడర్లీ ల్యాబ్‌లో పరిశోధనలు నడిపించింది భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు.

ఇక్కడితో అయిపోలేదు. ఫిస్కేతో కలిసి 1927లో ఆయన ఫాస్ఫోక్రియాటిన్‌ను బయటపెట్టారు. ఎమ్మారై స్పెక్ట్రోస్కోపీలో కోలిన్ ఎంత పెరిగిందో చూడ్డానికి దాన్ని క్రియాటిన్‌తో భాగిస్తారు. ఆ క్రియాటిన్ లెక్కలో ఫాస్ఫోక్రియాటిన్ కూడా కలిసే ఉంటుంది!

లింఫోమా అనుమానం ఉంటే ముక్క తీసేదాకా స్టెరాయిడ్లు ఇవ్వకుండా ఉండటానికి డాక్టర్లు చూస్తారు. వాటికి గడ్డ కుంచించుకుపోయి, తీసిన ముక్కలో ఏమీ దొరక్కపోవచ్చు. అలాగని ఇప్పటికే వాడుతున్న స్టెరాయిడ్‌ను మీ అంతట మీరు ఆపేయకండి, ప్రమాదం.

రేడియేషన్ అయ్యాక కొన్ని నెలలకి మచ్చ పెద్దదైతే ఇంకో టెన్షన్. గడ్డ తిరగబెట్టిందా, లేక చికిత్స వల్ల వచ్చిన మార్పా? అప్పుడు పర్ఫ్యూజన్ స్కాన్‌తో రక్త పరిమాణం లెక్కేస్తారు. తిరిగి పెరుగుతున్న గడ్డలో అది ఎక్కువగా, చికిత్స మార్పులో తక్కువగా ఉండే అవకాశం ఎక్కువ.

అంకెలు కూడా ఒకదానిమీదొకటి పడతాయి. 1.5 టెస్లా మిషన్‌లో వచ్చిన టైమ్, 3 టెస్లాలో రాదు. పైగా 2021 డబ్ల్యూహెచ్‌ఓ వర్గీకరణలో పెద్దవాళ్ల గ్లియోమాలకి పేరు పెట్టాలంటే ఐడీహెచ్ లాంటి జన్యు మార్పులు చూడాలి. దానికి ముక్క పరీక్షే కావాలి. ఇంటర్నెట్‌లో అంకె వెతికి ఇంట్లో తీర్పు చెప్పేసుకోవడం అస్సలు వద్దు.

మరి మీరు చేయగలిగింది? స్కాన్ సెంటర్‌లో ఫిల్ముతో పాటు సీడీ, లేదంటే పెన్‌డ్రైవ్‌లో ఒరిజినల్ ఫైళ్లు అడగండి. ఫిల్ముని ఫోన్‌లో ఫొటో తీసి వాట్సాప్ చేస్తే ఏడీసీ కొలవలేరు, ఒరిజినల్ ఫైళ్లుంటే పెద్దాసుపత్రి డాక్టర్ మచ్చ మీద కర్సర్ పెట్టి కొలుస్తారు. పాత స్కాన్ల సీడీలు కూడా పారేయకండి. కవరు మీద తేదీ రాసి, ఈసారి రైలెక్కేటప్పుడు అన్నీ కలిపి పట్టుకెళ్లండి.