అరిగిన రికార్డా, గీత పడిన రికార్డా?

చెప్పిందే చెప్పేవారిని 'అరిగిపోయిన రికార్డు' అంటాం. ఆ మాట ఎంతవరకు నిజమో హోసూరు దగ్గరి మా తెలుగు బడిలో ఈ మధ్యే తెలిసింది.

ఒక విద్యార్థి వాళ్ల తాతగారు అటక మీది ఘంటసాల భగవద్గీత ఎల్పీని, పాత ప్లేయర్‌ను బడికి పంపారు. సూది పెట్టాం. కాసేపటికి ఒకే ముక్క మళ్లీ మళ్లీ వినిపించసాగింది. 'అరిగిపోయింది సార్' అన్నారు పిల్లలు. భూతద్దం పెట్టి చూస్తే అక్కడ అడ్డంగా ఒక గీత ఉంది.

ఎల్పీకి ఒక్కో వైపు ఉండేది నిజానికి ఒకే గాడి. అంచు నుంచి మధ్యకు చుట్టలు చుట్టలుగా సాగుతుంది. లోతైన గీత గాడి గోడను తెంపితే సూది వెనక చుట్టులోకి జారుతుంది, విన్నదే వింటాం. ముందుకు దూకితే కొన్ని మాటలు ఎగిరిపోతాయి. గీత పైపైనే ఉంటే చుట్టుకో 'టిక్' వినిపిస్తుంది. ఎల్పీ నిమిషానికి 33⅓ చుట్లు తిరుగుతుంది కనుక 1.8 సెకన్లకు ఒకటి. పిల్లలు గడియారం పట్టి లెక్క సరిచూశారు.

అరుగుదల ఇలా ఉండదు. మొద్దుబారిన సూది గాడి గోడలను చెక్కేస్తుంది. ముందు పోయేది సన్నని ధ్వనులు. శ, ష, స లు బరబరలాడుతూ ఒకేలా వినిపిస్తాయి. ఇంట్లో తెలుగు, వీధిలో తమిళం వినే మా పిల్లలు ఆ తేడా పట్టుకోవాలనే రికార్డు తెప్పించాం. ఆత్రంలో సూది చూడకుండా మూడుసార్లు వేసింది మేమే. దుమ్ము వల్ల వచ్చే చిటపటలు మెత్తని బ్రష్‌తో గాడి వెంట తుడిస్తే తగ్గుతాయి. అరిగింది మాత్రం తిరిగి రాదు.

మీ ఇళ్లలోనూ ఇలాంటివి ఉండొచ్చు. వేసేముందు సూది మార్చండి. 78 చుట్ల పాత లక్క రికార్డులకు గాడి వెడల్పు ఎక్కువ, సూదీ వేరే ఉండాలి. వాటిని స్పిరిట్‌తో తుడవకండి, లక్క కరుగుతుంది. ఏ రికార్డునైనా ఎండ తగలనిచోట నిలబెట్టి ఉంచండి. ఒకదానిపై ఒకటి పేర్చితే వంగుతాయి.

కొత్త సూదితో ఒక్కసారి వేసి కంప్యూటర్‌లోకి ఎక్కించుకున్నాం. గీత దగ్గర సూది ఎత్తి ముందుకు పెట్టాం. ఆ ముక్క పోయింది, మిగతాది దక్కింది. పిల్లలు ఇప్పుడు ఆ కాపీనే వింటున్నారు. రికార్డు తాతగారి ఇంటికి చేరింది.