తొట్టి, కుళాయి, తూము

లెక్కల పుస్తకంలో ఈ లెక్క మీరు చేసే ఉంటారు. ఒక తొట్టిని కుళాయి 3 గంటల్లో నింపుతుంది. నిండిన తొట్టిని అడుగునున్న తూము 4 గంటల్లో ఖాళీ చేస్తుంది. రెండూ ఒకేసారి తెరిచి ఉంచితే తొట్టి ఎంతసేపటికి నిండుతుంది? జవాబు 12 గంటలు.

"తూము మూయకుండా కుళాయి విప్పే తెలివితక్కువవాడు ఎవరుంటారు మాస్టారూ?" అని ఏటా ఎవరో ఒకరు నన్ను అడుగుతూనే ఉంటారు. పిల్లలూ, మన ఒంట్లోని కణాలు సరిగ్గా ఆ పనే చేస్తున్నాయి! కాన్సర్ నుంచి మనల్ని కాపాడే ఏర్పాట్లలో అది ముఖ్యమైనది. ఎలాగో చూద్దాం.

కణ కేంద్రకంలో ఉండే డి.ఎన్.ఎ. రెండు పేటల పొడవాటి అణువు. ఎండలోని అతినీలలోహిత కిరణాలు, ఎక్స్ కిరణాలు, పొగాకు పొగలోని రసాయనాలు దాన్ని దెబ్బతీస్తాయి. ఆ దెబ్బ మానకముందే కణం రెండుగా విడిపోతే, తప్పులు పిల్లకణాలకూ వస్తాయి. అలాంటి తప్పులు పోగుపడితే కణం అదుపు తప్పి విభజన చెందుతూనే పోవచ్చు. కాన్సర్ కణితి పుట్టేది అలాగే.

దీన్ని అడ్డుకునే ప్రోటీను పేరు పి-53. 1979లో దీన్ని కనుగొన్నప్పుడు ఇదే కాన్సర్‌కు కారణం అనుకున్నారు. నిజానికి ఇది కాన్సర్‌ను అణిచే ప్రోటీను అని 1989లో తేలింది.

కణం పి-53ను ఎప్పుడూ తయారుచేస్తూనే ఉంటుంది. ఇది కుళాయి. ఎం.డి.ఎం.-2 అనే మరో ప్రోటీను దాన్ని పట్టుకుని, యుబిక్విటిన్ అనే చిన్న ప్రోటీనును గుర్తుగా అంటిస్తుంది. ఆ గుర్తు పడ్డ ప్రోటీన్లను ప్రోటియాసోమ్ అనే కణభాగం ముక్కలు చేసేస్తుంది. ఇది తూము. అందువల్ల మామూలు కణంలో పి-53 చాలా కొద్దిగానే ఉంటుంది.

ఇప్పుడు డి.ఎన్.ఎ. పేటలు రెండూ తెగాయనుకోండి. వెంటనే ఎ.టి.ఎం. అనే ఎంజైము మేల్కొంటుంది. అదీ, దాని సహాయకులూ పి-53కి ఫాస్ఫేటు తగిలిస్తాయి. ఎం.డి.ఎం.-2కూ తగిలిస్తాయి. దాంతో ఎం.డి.ఎం.-2 పట్టు సడలుతుంది. తూము మూసుకుంది! కుళాయి ఎప్పటిలాగే పారుతోంది కనుక పి-53 చకచకా పెరుగుతుంది. తూము మూస్తే మన తొట్టి 12 గంటలకు బదులు 3 గంటల్లోనే నిండదూ? వృథా అనిపించిన ఏర్పాటులోని లాభం ఇదే.

పెరిగిన పి-53 డి.ఎన్.ఎ. మీద వాలి కొన్ని జన్యువులను పనిచేయిస్తుంది. వాటిలో ఒకటి పి-21 అనే ప్రోటీనును తయారుచేయించి కణవిభజనను ఆపుతుంది. ఈలోగా మరమ్మతు జరుగుతుంది. మరమ్మతుకు లొంగని దెబ్బ అయితే, ఆ కణం తనంతట తానే నశించేలా పి-53 చేస్తుంది.

మరి తూమును శాశ్వతంగా మూసేస్తే? శాస్త్రజ్ఞులు ఎలుకల్లో ఎం.డి.ఎం.-2 జన్యువును తీసేసి చూశారు. పిండాలు తల్లి కడుపులోనే చనిపోయాయి. పి-53 జన్యువును కూడా తీసేస్తే పిల్లలు పుట్టాయి! 1995లో వెలువడిన ఈ ఫలితం వల్ల, పి-53 మితిమీరితే ప్రాణాంతకమని తెలిసింది. అందుకే పి-53 తాను పనిచేయించే జన్యువుల్లో ఎం.డి.ఎం.-2 జన్యువును కూడా చేర్చుకుంది. దెబ్బ మానగానే, ఆ ఎం.డి.ఎం.-2 పి-53ను మళ్ళీ తగ్గించేస్తుంది. తొట్టిలో నిండిన నీరే తూము తెరిపిస్తుందన్నమాట.

మనుషులకు వచ్చే కాన్సర్లలో సుమారు సగంలో పి-53 జన్యువే చెడిపోయి ఉంటుంది. పొగాకు పొగలోని బెంజోపైరీన్ శరీరంలో మార్పుచెంది, ఈ జన్యువులో కొన్ని చోట్ల ప్రత్యేకంగా అతుక్కుంటుందని 1996లో తెలిసింది. ఊపిరితిత్తుల కాన్సర్‌లో ఆ జన్యువు ఎక్కువగా చెడేది ఆ చోట్లనే! దొంగ ముందుగా కాపలావాణ్ణే కొట్టినట్టు.

ఎవరైనా సరదాకి బీడీయో సిగరెట్టో అందించినప్పుడు, మీ కోసం రాత్రీ పగలూ కుళాయి విప్పి ఉంచిన ఆ కాపలావాణ్ణి ఒక్కసారి తలుచుకోండి.