చిరునవ్వు వెనుక అలసట: విమాన పరిచారకులు ఉద్యోగాలు ఎందుకు వదులుకుంటున్నారు?

సంక్రాంతికో, వేసవి సెలవులకో హీత్రూ విమానాశ్రయంలో విమానమెక్కి హైదరాబాదుకు బయలుదేరే తెలుగు కుటుంబాన్ని ద్వారం వద్ద ముందుగా పలకరించేది ఒక చిరునవ్వు. ఆ తర్వాత తొమ్మిది, పది గంటలపాటు పిల్లవాడికి పాలు వెచ్చచేసి ఇచ్చేవారు, పెద్దవారికి దుప్పటి తెచ్చేవారు, భోజనం వడ్డించేవారు వారే. విమానం దిగగానే ప్రయాణికుల అలసట తీరే మార్గం మొదలవుతుంది. ఇంటికి చేరి, స్నానం చేసి, రెండు మూడు రోజులు వేళాపాళా లేకుండా నిద్రపోయి తేరుకుంటారు. కాని ఆ విమాన పరిచారకులు ఒకటి రెండు రోజులలోనే అదే దారిలో తిరుగు ప్రయాణం కట్టాలి. నాలుగు రోజులకు మరో ఖండం, మరో కాలమానం.

కోరి, పోటీపడి చేరిన ఈ ఉద్యోగాన్ని ఎందరో కొన్నేళ్లకే విరమించుకుంటున్నారు. బ్రిటన్‌లో పెరుగుతున్న తెలుగు పిల్లలలోనూ ఈ వృత్తిపై మోజుపడేవారు ఉంటారు కనుక, ఈ విరక్తికి కారణాలేమిటో శాస్త్రదృష్టితో పరిశీలించడం అవసరం.

పంపివేయడం నుండి వదిలిపోవడం వరకు

1930లో అమెరికాలో ఎలెన్ చర్చ్ అనే నర్సు విమానంలో తొలి పరిచారికగా పనిచేసింది. ఆకాశయానమంటే జనం భయపడే రోజులవి. ప్రక్కన నర్సు ఉంటే ధైర్యంగా ఉంటుందన్నది అప్పటి ఆలోచన. తర్వాత దశాబ్దాలలో సంస్థలు యౌవనానికీ, అందానికీ ప్రాధాన్యమిచ్చి, పెళ్లయినా, వయసు ముప్పయి దాటినా పరిచారికలను ఇంటికి పంపివేసేవి. భారతదేశంలో తొలిసారి గర్భం ధరించిన పరిచారికను ఉద్యోగం నుండి తొలగించే నిబంధనను సుప్రీంకోర్టు 1981లో, నర్గేష్ మీర్జా దావాలో కొట్టివేసింది.

అంటే ఒకప్పుడు ఉండాలనుకున్నవారిని వెళ్లగొట్టేవారు. నేడు ఉండమన్నా కొందరు వెళ్లిపోతున్నారు. చట్టం అడ్డుతొలగిన తర్వాత కూడా మనిషి నిలువలేకపోతున్నాడంటే, కారణాన్ని ఆ పని స్వభావంలోనే వెదకాలి.

దేహంలోని గడియారం

మెదడులో, కంటినరాలు కలుసుకొనే చోటికి కొంచెం పైన, బియ్యపుగింజంత నాడీకణాల గుంపు ఒకటి ఉంది. శరీరానికి వేళలు చెప్పే ప్రధాన గడియారం ఇదే. కంటిమీద పడే వెలుతురును బట్టి ఇది తన వేళను సరిచూసుకుంటుంది. చీకటి పడగానే మెలటోనిన్ అనే హార్మోను ఊరి, శరీరాన్ని నిద్రకు సిద్ధం చేస్తుంది. ఆకలి, జీర్ణశక్తి, శరీర ఉష్ణోగ్రత, చురుకుదనం అన్నీ ఈ లయను అనుసరించేవే. జీవకణాలలో ఈ గడియారం ఎలా నడుస్తుందో వివరించినందుకే 2017లో హాల్, రాస్‌బాష్, యంగ్ అనే ముగ్గురు శాస్త్రవేత్తలకు నోబెల్ బహుమతి లభించింది.

మనిషి సహజ దినం ఇరవైనాలుగు గంటల కంటె కాస్త ఎక్కువ. అందుచేత పడమటికి పోయి ఆలస్యంగా నిద్రించడం కొంత తేలిక. తూర్పుకు పోయి ముందుగా నిద్రించడం కష్టం. శీతకాలంలో లండనుకూ, హైదరాబాదుకూ మధ్య అయిదున్నర గంటల తేడా ఉంది. దేహం రోజుకు రమారమి ఒక గంట చొప్పున సర్దుకుంటుందనుకుంటే, పూర్తిగా కుదుటపడటానికి అయిదారు రోజులు కావాలి. పరిచారకులకు అంత వ్యవధి ఉండదు. అక్కడి వేళకు అలవాటు పడకముందే ఇక్కడికి తిరిగి వస్తారు. ఇక్కడికి అలవాటు పడకముందే మరోవైపు బయలుదేరుతారు. వారి గడియారం ఏ ఊరి వేళకూ చెందకుండా పోతుంది.

ఈ విషయంపై బ్రిస్టల్ విశ్వవిద్యాలయానికి చెందిన క్వాంగ్‌వుక్ చో 2001లో 'నేచర్ న్యూరోసైన్స్' పత్రికలో ఒక పరిశోధనను ప్రచురించారు. దూరప్రయాణాల మధ్య అయిదు రోజుల కంటె తక్కువ విరామం దొరికిన పరిచారికలనూ, పద్నాలుగు రోజులకు మించి దొరికినవారినీ ఆయన పోల్చి చూశారు. తక్కువ విరామం పొందినవారిలో మెదడు కుడి కణతభాగం చిన్నదిగా ఉంది. స్థలాలను గుర్తుపెట్టుకొనే పరీక్షలో కూడా వారు వెనుకబడ్డారు. పరిశీలించినవారు ఇరవైమందే కనుక దీనినే తుది తీర్పుగా భావించరాదు. అయితే, ఇరుపక్షాలవారూ దూరప్రయాణాలు చేసినవారే. తేడా అంతా విశ్రాంతిలో ఉంది. గమనించవలసినది ఇదే.

గాలి, పీడనం, విశ్వకిరణాలు

విమానం ముప్పయి అయిదువేల అడుగుల ఎత్తున ఎగురుతున్నా, లోపలి గాలిని సుమారు ఆరువేల నుండి ఎనిమిదివేల అడుగుల ఎత్తున్న కొండపై ఉండే స్థాయిలో ఉంచుతారు. ఎనిమిదివేల అడుగుల వద్ద గాలిపీడనం సముద్రమట్టంతో పోలిస్తే దాదాపు మూడువంతుల పాలు. సాధారణంగా 97 శాతం చుట్టూ ఉండే రక్తంలోని ప్రాణవాయువు 93 శాతానికో, అంతకు కొంత దిగువకో తగ్గుతుంది. కూర్చున్న ప్రయాణికునికి ఇది పెద్దగా తెలియదు. నిలబడి పనిచేసేవారికి త్వరగా అలసట తెస్తుంది. పీడనం తగ్గడంవల్ల కడుపులోని వాయువు మూడోవంతు మేర వ్యాకోచిస్తుంది. పొట్ట ఉబ్బరం అందువల్లనే. జలుబు చేసినప్పుడు చెవి లోపలి వాయువు బయటకు పోలేక కర్ణభేరి దెబ్బతినే ప్రమాదం కూడా ఉంది.

బయటి గాలి సున్నాకు యాభై డిగ్రీల దిగువన ఉంటుంది. అంతటి చలిగాలిలో నీటిఆవిరి దాదాపు ఉండదు. దానినే వేడిచేసి లోపలికి పంపుతారు కనుక విమానంలో తేమ పది, ఇరవై శాతానికి మించదు. రోహిణికార్తె వడగాలిలోలాగా కళ్లు మండడం, గొంతు ఎండడం ఇందువల్లనే. పైగా ఎగిరేటప్పుడు విమానం ముక్కు రెండు మూడు డిగ్రీలు పైకెత్తి ఉంటుంది. వెనుకనుండి ముందుకు భోజనాల బండిని నెట్టడమంటే గంటల తరబడి మెట్ట ఎక్కించడమే.

ఇక అంతరిక్షం నుండి వచ్చే విశ్వకిరణాలు. భూమి మీద దట్టమైన వాయుమండలం వాటిని చాలావరకు ఆపుతుంది. పైకి పోయినకొద్దీ ఆ గొడుగు పలుచబడుతుంది. బ్రిటన్‌లో సగటు మనిషికి అన్ని మార్గాల ద్వారా ఏడాదికి 2.7 మిల్లీసీవర్టుల వికిరణం అందుతుంది. దూరప్రయాణాల సిబ్బందికి దాదాపు మరి అంత అదనంగా అందవచ్చు. ఏడాదికి ఒక మిల్లీసీవర్టు మించే అవకాశమున్న సిబ్బందికి ఈ లెక్క కట్టాలని 1996 నాటి యూరోపియన్ ఆదేశం నిర్దేశించింది. గర్భవతులకు ప్రత్యేక రక్షణ కల్పించాలన్నది. అనుమతించిన పరిమితితో పోలిస్తే ఇది తక్కువే కనుక భయపడవలసిన పనిలేదు. అయితే తెలియకుండా ఉండరాదు.

నవ్వు కూడా శ్రమే

అమెరికా సామాజిక శాస్త్రవేత్త ఆర్లీ హోక్‌షీల్డ్, డెల్టా సంస్థ పరిచారికలను పరిశీలించి 1983లో ఒక గ్రంథం వెలువరించారు. బరువులు మోసేవాడు కండరాలను అమ్ముకున్నట్లే, ఈ ఉద్యోగంలో మనిషి తన భావాలను అమ్ముకోవలసి వస్తుందని ఆమె నిరూపించారు. దానికి 'భావశ్రమ' అని పేరు పెట్టారు. కోపం వచ్చినా ముఖాన నవ్వు పులుముకోవడం ఒక పద్ధతి. ఆ ప్రయాణికుడు భయపడుతున్నాడేమో, అలసిపోయాడేమో అని మనసుకు నచ్చజెప్పుకుని నిజంగానే దయను తెచ్చుకోవడం రెండవది. మొదటిది పైపై నటన, రెండవది లోపలి నటన. పైపై నటన ఎక్కువైనకొద్దీ, తన నవ్వు తనదేనా అన్న సందేహం మనిషిని తొలుస్తుంది.

అదే 1983లో బ్రిటిష్ ఎయిర్‌వేస్ తన సిబ్బందికి 'మనుషులకే ప్రథమస్థానం' అన్న అర్థంగల పేరుతో శిక్షణ ప్రారంభించింది. సేవ మెరుగుపడి ఎన్నో ప్రశంసలు వచ్చాయి. కాని 1997 జులైలో జీతభత్యాల మార్పుపై పరిచారకులు మూడు రోజుల సమ్మెకు పిలుపునిచ్చారు. పాల్గొన్నవారిపై చర్యలుంటాయని యాజమాన్యం హెచ్చరించింది. తొలినాడు బాహాటంగా సమ్మెలో నిలిచినవారు మూడువందలకు లోపే. ఆరోగ్యం బాగాలేదని సెలవు పెట్టినవారు మాత్రం రెండువేలకు పైనే. నవ్వడం నేర్పిన సంస్థకు, ఆ నవ్వు వెనుక ఏమి పేరుకుందో ఆనాడు తెలిసింది.

బ్రిటన్ నేర్పిన పాఠం

2010లో అదే సంస్థలో పరిచారకులు మొత్తం ఇరవైరెండు రోజులు సమ్మె చేశారు. ఆ సంవత్సరం నుండే కొత్తగా చేరినవారిని తక్కువ వేతనంతో వేరొక విభాగంలో నియమించసాగారు. ఒకే సంస్థ, ఒకే దుస్తులు, వేర్వేరు జీతాలు. 2017లో ఆ కొత్త విభాగంవారే పలు విడతలుగా సమ్మెకు దిగారు. 2020 ఏప్రిల్‌లో, కరోనా వ్యాధితో విమానాలు నిలిచిపోయినప్పుడు, సంస్థ తన 42,000 మందిలో 12,000 మంది వరకు తొలగించే ప్రతిపాదన ప్రకటించింది. జూన్‌లో పార్లమెంటు రవాణా సంఘం దీనిని తీవ్రంగా విమర్శించింది. ఆ నెలల్లోనే వివిధ సంస్థల పరిచారకులు ఆసుపత్రులకు వెళ్లి, అలసిన వైద్యసిబ్బందికి తేనీరు అందించి సేదదీర్చారు. తమ విద్యకు విలువ ఉందని వారు గ్రహించినది నేలమీదనే.

2022లో ప్రయాణికులు తిరిగి వచ్చారు. వెళ్లిపోయిన సిబ్బంది అందరూ తిరిగి రాలేదు. కొత్తవారిని చేర్చుకుందామంటే భద్రతా పరిశీలనకే వారాలు పట్టింది. విమానంలో యాభై సీట్లకు ఒక పరిచారకుడు ఉండాలన్నది నియమం. ఆ ఏడాది ఈజీజెట్ సంస్థ తన చిన్న విమానాలలో చివరి వరుసలోని ఆరు సీట్లు తీసివేసి, 156 సీట్లను 150కి తగ్గించింది. అప్పుడు నలుగురికి బదులు ముగ్గురు సరిపోతారు. అమ్ముకోగల సీట్లను ఊడదీసుకోవలసి వచ్చిందంటే, మనుషుల కొరత ఎంతటిదో ఊహించవచ్చు.

ఇది వడ్డనకు మాత్రమే సంబంధించిన కొరత కాదు. 1985 ఆగస్టు 22న మాంచెస్టర్‌లో బ్రిటిష్ ఎయిర్‌టూర్స్ విమానం నేలమీదనే అంటుకున్నప్పుడు యాభైఅయిదుగురు మరణించారు. వారిలో ఇద్దరు పరిచారకులు. పొగలో తలుపులు తెరిచి ప్రయాణికులను బయటికి లాగినవారు మిగిలిన ఇద్దరు. తొంభై సెకన్లలో విమానాన్ని ఖాళీ చేయించడం పరిచారకుల అసలు విద్య. భోజనం వడ్డించడం దాని తర్వాతిది. అనుభవజ్ఞులు వెళ్లిపోయినప్పుడు పోయేది ఈ విద్యే.

ఇది ఎటువంటి వైరాగ్యం?

మన పెద్దలు పురాణ వైరాగ్యం, ప్రసూతి వైరాగ్యం, శ్మశాన వైరాగ్యం అని మూడింటిని చెప్పారు. మూడూ తాత్కాలికాలే. ఒక చెడ్డ ప్రయాణం తర్వాత కలిగే విసుగు అటువంటిది. రెండురోజుల నిద్రతో పోతుంది. నిద్రపోయినా పోనిది వేరే ఉంది. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2019లో దానికి మూడు లక్షణాలు పేర్కొన్నది: శక్తి అడుగంటడం, పనిపట్ల ఎడమొహం, తన సామర్థ్యంపై నమ్మకం సడలడం. దీనిని వ్యాధిగా కాక, పనిచోట ఒత్తిడిని సరిగా నిర్వహించనందువల్ల కలిగే స్థితిగా ఆ సంస్థ వర్గీకరించింది. అంటే లోపమంతా మనిషిలో లేదు.

చట్టం కొంత రక్షణ కల్పించింది. యుద్ధవీరుడు డగ్లస్ బాడర్ అధ్యక్షతన ఏర్పడిన సంఘం 1973లో నివేదిక ఇవ్వగా, 1975లో బ్రిటన్ పౌరవిమానయాన సంస్థ పనిగంటల నియమాలు ప్రకటించింది. తర్వాత వచ్చిన యూరోపియన్ నియమాలు 2016 నుండి అమలయ్యాయి. వాటి ప్రకారం ఏడురోజులలో విధిగంటలు అరవైకి, ఏడాదిలో ఎగిరే గంటలు తొమ్మిదివందలకు మించరాదు. తొమ్మిదివందల గంటలంటే తక్కువే అనిపిస్తుంది. పరాయి ఊరి హోటల్లో నిద్రపట్టని రాత్రులు, పండుగనాడు ఇంట్లో లేని పగళ్లు ఆ లెక్కలోకి రావు.

కనుక ఈ వృత్తిలోకి వెళ్లదలచిన పిల్లలను తల్లిదండ్రులు నిరుత్సాహపరచనవసరం లేదు. ప్రపంచాన్ని చూపే గౌరవప్రదమైన వృత్తి అది. చేరేముందు జీతంలో స్థిరమైన భాగమెంత, ఎగిరితేనే వచ్చే భాగమెంత, దూరప్రయాణాల మధ్య ఎన్ని రోజుల విశ్రాంతి అన్నవి అడిగి తెలుసుకోవాలి. చేరిన తర్వాత, నిద్రతో తీరని అలసట నెలల తరబడి నిలిస్తే వైద్యునికి చెప్పుకోవాలి. వదిలివచ్చినవారిని "నిలదొక్కుకోలేకపోయారు" అని చిన్నచూపు చూడరాదు. దేహం పంపిన తాకీదును సకాలంలో చదువుకున్నవారు వారు.

మళ్లీ హైదరాబాదు విమానమెక్కినప్పుడు ద్వారం వద్ద కనిపించే చిరునవ్వుకు బదులుగా ఒక చిరునవ్వు, ఒక "థాంక్యూ" ఇవ్వడానికి ఎవరికీ ఖర్చు లేదు. ఆ వేళ వారి దేహంలోని గడియారం అర్ధరాత్రి చూపిస్తూ ఉండవచ్చు.